కడియం చిల్లులో చిలుము

నేను వెళ్ళేసరికి రాగిరేకు వంటింటి సింకు పక్కన, తోమిన పూజసామాను వరసలో, టీ టవల్ మీద ఆరుతోంది. రెండు కుందులు, హారతి పళ్ళెం, గంట, చెంబు, ఆ తర్వాత రేకు. ఇత్తడివన్నీ పచ్చగా మెరుస్తుంటే అదొక్కటే ఎర్రగా, నిన్న కొన్నట్టుగా మెరుస్తోంది. సింకులో చింతపండు పిప్పి ఇంకా అలాగే ఉంది.

అది శనివారం. ఇంకో గంటన్నరలో నాటింగ్‌హామ్ నుంచి రెండు రైళ్ళు మారి ఒక పరిశోధకురాలు స్విండన్‌లో దిగబోతోంది, ఆ రేకును చూడటానికే.

“రేకు కూడా తోమినావా?” అని ఆ ఇంటావిడను అడిగాను.

“వరసలో ఉండింది కదక్కా. తోమేసినా.”

“దాన్ని తోమకూడదు అనుకున్నాం కదమ్మా.”

“ఎవరనుకున్నారు? నాకెవరూ చెప్పలా. ఇంటికి దొరసాని వస్తా ఉంటే కిలుం పట్టిన సామాను ముందర పెట్టమంటావా?”

ఆమె చేతులు తుడుచుకుని టీ పెట్టింది. నేను రేకును తిప్పి చూశాను. రెండు వైపులా గీతల్లో ఇన్నాళ్ళూ నల్లగా కూరుకుని ఉన్నదంతా పోయింది. అక్షరాలు మునుపటికంటే బాగా కనిపిస్తున్నాయి. నాకు నచ్చనిది సరిగ్గా అదే.

ఇంతలో ఆమె భర్త పాల డబ్బా పట్టుకుని బయటినుంచి వచ్చాడు. ఆయనకు కంటి మధ్యచూపు పోయింది. ఎదుటి మనిషి చెవులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. కోటు తీయకుండానే సింకు దగ్గరికి నడిచి, వరస వెంట చెయ్యి జరుపుకుంటూ వచ్చి రేకు మీద ఆపాడు. చూపుడువేలితో మొదటి పంక్తి సగం దాకా తడిమాడు.

“బాగా వచ్చింది,” అన్నాడు.

పాలు ఫ్రిజ్‌లో పెట్టి కోటు విప్పుకున్నాడు. ఎవరు తోమారని గానీ, ఎందుకు తోమారని గానీ అడగలేదు. ముప్పై ఏళ్ళు దినపత్రిక డెస్కులో పనిచేశాను. చెప్పిన మాటకంటే అడగని ప్రశ్నను ముందు గుర్తుపెట్టుకోవడం అక్కడ అలవాటైంది.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మాది చిత్తూరు. డెస్కులో నా మొదటి పని, వేలూరు నుంచి తొలి బస్సులో వచ్చే తమిళ పేపర్లు చదివి సరిహద్దు వార్తలు ఏరడం. అలా తమిళం చదవడం వచ్చింది. రిటైరయ్యాక స్విండన్‌లో మా అమ్మాయి ఇంటికి చేరాను. ఇక్కడి సర్జరీలో, అంటే డాక్టరు క్లినిక్‌లో, జీపీ కోసం కూర్చుని ఉండగా, పక్క కుర్చీలో ఒకావిడ ఫోన్లో “ఏమే, ఇంకా నీళ్ళు పట్టలేదా, యాడ పోయినావు” అంటోంది. నగరి వైపు తెలుగు. ఫోను పెట్టేశాక పలకరించాను. ఆ రోజు ఆమె భుజం నొప్పికి చూపించుకోవడానికి వచ్చింది. పక్కన ఆమె భర్త, ఈ పెద్దాయన, ఉన్నాడు. ఆయన తమిళుడు, తిరుత్తణి దగ్గరి పల్లె. సిగ్నలింగ్ ఇంజనీరుగా ఈ దేశం వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. నాకు తమిళం చదవడం వచ్చని తెలియగానే ఆయన నా వైపు తిరిగి, “పాత తమిళం కూడానా అమ్మా?” అని అడిగాడు. రాదన్నాను. “అయితే నేర్పిస్తాను. నాకిప్పుడు కళ్ళు కావాలి,” అన్నాడు.

ఆ తర్వాతి గురువారం నుంచి మధ్యాహ్నాలు వాళ్ళింటికి వెళ్ళడం మొదలుపెట్టాను.

రేకును పట్టుగుడ్డలో చుట్టి, ఒక చిన్న సూట్‌కేసులో పెట్టి, ఆ సూట్‌కేసును వార్డ్‌రోబ్ పైన ఉంచేవాడు. ప్రతిసారీ ఆయనే కుర్చీ వేసుకుని దించేవాడు. తాటాకు ఆకారం, జానెడున్నర పొడవు, ఎడమ పక్క ఒక గుండ్రటి చిల్లు. ఆ చిల్లులో ఒకప్పుడు కడియం ఉండేదట. దానశాసనాల్ని పాతకాలంలో రెండు మూడు రేకులుగా చెక్కి, కడియానికి గుచ్చి, కడియం కలిసేచోట రాజముద్ర వేసేవారు. వీళ్ళ దగ్గరున్నది ఒక్క రేకే.

మిగతాది ఏమైందన్నదే అసలు తగాదా. ఆయన తండ్రి చెప్పిన ప్రకారం వీళ్ళ తాతల నాడు ఇంటి పంపకాలు జరిగాయి. ఇత్తడి అండాలు, పెట్టెలు, పొలం అన్నీ రెండు భాగాలు చేశాక కడియానికి ఉన్న రెండు రేకులు మిగిలాయి. అన్నదమ్ములు ఇద్దరూ కూర్చుని, ఎవరికీ అన్యాయం జరగకూడదని, కంసాలిని పిలిచి కడియం కోయించి చెరొక రేకు తీసుకున్నారు. రాజముద్రను ఏం చేశారో ఎవరికీ తెలియదు. చిన్నవాడి వంశానికి మొదటి రేకు వెళ్ళింది. అందులో రాజుగారి స్తోత్రం, సంస్కృతం. పెద్దవాడికి, అంటే వీళ్ళ వంశానికి, రెండో రేకు వచ్చింది. అందులో ఏ రాజు కాలం, భూమి ఎంత, ఎల్లలు ఏమిటి, గుళ్ళో దీపం కోసం ఆ భూమి ఇచ్చినవాడు ఎవడు అన్నది తమిళంలో ఉంది. ఆ ఇచ్చినవాడు తమ పూర్వీకుడని పెద్దాయన తండ్రి వాదన. ఆ లెక్కన ఊరి గుడి ఉత్సవంలో తలకు పరివట్టం అనే గుడ్డ కట్టి ఇచ్చే మొదటి మర్యాద వీళ్ళకు దక్కాలి.

చిన్న వంశం వాళ్ళ వాదన చాలా క్లుప్తం. రేకు ఒక్కటే ఉండేది, అది మా ఇంట్లో ఉంది, కడియం కోయడం గియడం ఏమీ లేదు, రెండోది మీ నాన్న కంచిలో రాగిపని వాడి చేత చెక్కించాడు.

పెద్దాయన తండ్రి ఆ ఊరి కరణం. పాత దస్తావేజుల భాష ఆయనకు బాగా తెలుసు. ఇది పెద్దాయనే నాతో చెప్పాడు, నేను అడక్కుండానే. గుడి పంచాయతీలో రేకు చూపించిన రోజు పదిమందిలో ఎవడో “రాత బాగానే కుదిరింది కరణంగారూ” అన్నాడట. అందరూ నవ్వారట. ఆ తర్వాత ఆయన బతికినంతకాలం ఉత్సవానికి వెళ్ళలేదు. గుడి వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్ళేవాడట. అప్పుడు పెద్దాయనకు పన్నెండేళ్ళు. తండ్రి వెంట ఆ చుట్టుదారిన నడిచినవాడు.

“నాకు మర్యాద వద్దమ్మా,” అన్నాడు ఒక గురువారం. “స్విండన్‌లో కూర్చుని తలకు గుడ్డ కట్టించుకుని ఏం చేస్తాను? మా నాయన అబద్ధం చెప్పినాడా లేదా, అది తెలిస్తే చాలు. కళ్ళు పూర్తిగా పోయేలోపల.”

రాతి మీదా రాగి మీదా చెక్కుకొమ్మని రాజాజ్ఞల చివర రాయడం అప్పటి పద్ధతి. అంటే గుడి గోడ మీద ఇదే శాసనం రాతిలో కూడా ఉండాలి. ఉండేదేమో. కొన్నేళ్ళ కింద గుడి బాగుచేసినప్పుడు గోడల మీద మెషీన్‌తో ఇసుక చిమ్మి నున్నగా చేశారు. పెద్దాయన వెళ్ళి చూస్తే గోడ చెయ్యి జారిపోయేలా ఉందట.

నాకు చదువు చెప్పిన పద్ధతి విచిత్రమైనది. అక్షరం మీద ముందు తన వేలు పెట్టేవాడు, తర్వాత అదే చోట నా వేలు పెట్టించేవాడు. “కంటితో చూడకండి, మోసపోతారు. ఉలి ఎటునుంచి ఎటు పోయిందో చూడండి.” ఇప్పటి తమిళంలో హల్లు మీద పెట్టే చుక్క ఆ చెక్కడాల్లో చాలాసార్లు ఉండదు. ఎ, ఏ ఒకేలా ఉంటాయి. ఒ, ఓ ఒకేలా ఉంటాయి. ఏ మాట ఉండాలో ముందే తెలిస్తేనే ఏ మాట ఉందో చదవగలం. నాకది మొదటినుంచీ గుచ్చుకుంటూనే ఉంది. తనకు కావలసింది చదువుకునే వీలు ఆ రాతలోనే ఉంది కదా అనిపించేది. పూర్వీకుడి పేరు ఉన్నదని ఆయన చెప్పే చోట నా వేలికి మూడు రకాల పేర్లు తగిలాయి. ఆ మాట ఆయనతో అనలేదు.

అయినా ఆ గురువారాలు నాకు చాలా ఇచ్చాయి. తమిళం అంటే రెండువేల ఏళ్ళుగా మారకుండా నిలబడ్డ భాష అని మా ఊళ్ళో తమిళులు చెప్పగా విన్నదాన్ని. రేకు చదువుతుంటే అలా అనిపించలేదు. అప్పటికే చాలా పాతబడిపోయిన కవిత్వానికి ఆ నడిమికాలంలోనే పండితులు వ్యాఖ్యానాలు రాయవలసి వచ్చింది. ఆ వ్యాఖ్యానాల వచనంలో సంస్కృతం, తమిళం రెండూ ముత్యం, పగడం గుచ్చినట్టు కలిసి ఉండేవి, మణిప్రవాళం అనేవారు. మరో పక్క గుడిగోడల మీద గ్రామసభ వాళ్ళ లెక్కల తమిళం. అందులో కవిత్వం లేదు. నంజ ఎంత, పుంజ ఎంత, తూర్పు ఎల్ల ఏది, నీటి కాలువ ఎవరిది. మాగాణికి నంజ, మెట్టకు పుంజ అనే మాటలు మా చిత్తూరు రైతులు ఇప్పటికీ వాడతారు. సంస్కృతపు శబ్దాలు తమిళ అక్షరాలకు లొంగకపోతే, వాటికోసం సంస్కృతం రాసే గ్రంథలిపి నుంచి అక్షరాలు తెచ్చి మధ్యలో పెట్టేవారు. దక్షిణాన పాండ్యదేశంలో వాడుకలో ఉన్న గుండ్రటి రాత చోళుల ఏలుబడి వచ్చాక మెల్లగా పక్కకు పోయి, ఉత్తరపు రాత నిలబడింది. ఎవరు గెలిస్తే వాళ్ళ లిపి. ఇదంతా పెద్దాయన చెప్పిందే. తర్వాత లైబ్రరీలో పుస్తకాలు తెప్పించుకుని సరిచూశాను. చాలావరకు సరిపోయింది.

“మనం ఇంట్లో మాట్లాడేది కూడా మణిప్రవాళమే కదమ్మా,” అన్నాడొకసారి. “కౌన్సిల్ వాళ్ళు బిన్ కలెక్షన్ డే చేంజ్ చేసినారు అంటే, దీంట్లో తెలుగు ఎంత?”

“చేసినారు ఉంది కదా,” అంది వంటింట్లోంచి ఆయన భార్య. “పని చేసే మాట మాది. ఊరికే కూర్చునే మాటలన్నీ వాళ్ళవి. ఈ ఇంట్లో కూడా అంతే.”

రాజుల స్తోత్రాల గురించి చెప్పినప్పుడు మాత్రం నాకు నవ్వొచ్చింది. పెద్ద చోళరాజుల కాలంలో ఆ స్తోత్రం రాజధాని నుంచే తయారై వచ్చేదట. రాజు కొత్తగా ఒక దేశం గెలిస్తే ఒక వాక్యం పెరిగేది. ఊరూరా గోడల మీద అదే పాఠం. మా డెస్కుకు సమాచారశాఖ నుంచి వచ్చే కాగితాలు గుర్తొచ్చాయి. ముఖ్యమంత్రి చేసిన పనుల జాబితా నెలనెలా ఒక పంక్తి పెరిగేది. మేము పైభాగం వదిలేసి చివరి పేరా చదివేవాళ్ళం. అసలు వార్త అక్కడ దాక్కునేది. ఈ రేకుల్లో కూడా అంతే. మొదటిది రాజుకు, రెండోది ఊరికి. అందుకే భూమి సంగతి ఊరివాళ్ళకు చదివి వినిపిస్తే అర్థమయ్యే భాషలో ఉండేది.

పోయిన శరత్కాలంలో పెద్దాయన ఒక నిర్ణయానికి వచ్చాడు. ఎవరైనా తెలిసినవాళ్ళకు చూపించాలి. దానికి ముందు స్లౌలో ఉన్న తమ్ముడికి, అంటే ఆ చిన్న వంశపు వాడికి, ఫోన్ చేశాడు. రెండు వంశాలూ ఈ దేశమే చేరాయి. స్విండన్‌కూ స్లౌకూ రైల్లో గంట దూరం. ఒకరి ఇంట్లో పెళ్ళి అయితే ఇంకొకరు వస్తారు, తింటారు, రేకుల ఊసెత్తరు. ఆ రోజు స్పీకర్ పెట్టి మాట్లాడాడు. నేను అక్కడే ఉన్నాను. తమిళంలో జరిగిన మాటలు ఇలా ఉన్నాయి.

“తమ్ముడూ, రెండు రేకులూ ఒకచోట పెడితే చిల్లులు సరిపోతాయో లేదో తెలిసిపోతుంది.”

“మా ఇంట్లో ఉన్నది దేవుడన్నా. దేవుణ్ణి సూట్‌కేసులో పెట్టుకుని ట్రైనెక్కమంటావా?”

“ఫొటో పంపరా.”

“మీ నాయన రాసింది నువ్వు చదివితివి. నువ్వు చదివింది ఎవరో దొరసాని ఒప్పుకుంటుంది. ఇంక నా రేకుతో పనేముంది అన్నా? వదిన బాగుందా? భుజం ఎట్లుంది?”

ఫోను పెట్టేసి పెద్దాయన ల్యాప్‌టాప్ నా ముందుకు జరిపాడు. నాటింగ్‌హామ్‌లో పాత శాసనాల మీద పనిచేసే పరిశోధకురాలికి ఈమెయిల్ రాయమన్నాడు. ఆయన చెప్పాడు, నేను టైపు చేశాను. ఆ పరిశోధకురాలు మదురైలో కొన్నేళ్ళుండి తమిళం నేర్చుకున్న ఇంగ్లీషావిడ. వారం తర్వాత జవాబు వచ్చింది. గురువారం నేనే దాన్ని పైకి చదివి తెలుగులో చెప్పాను. తప్పకుండా వస్తానంది. అక్షరాలు ఎవరైనా చూసి చెక్కొచ్చు, కాబట్టి తాను ముందు చూసేది అక్షరాల్ని కాదు, పైన పట్టిన చిలుమును అంది. రేకును తుడవొద్దు, కడగొద్దు, నూనె రాయొద్దు అని వేరే పేరాలో రాసింది.

“సరే,” అన్నాడు పెద్దాయన.

ఆయన భార్య అప్పుడు వంటింట్లో ఉంది. మధ్య తలుపు తెరిచే ఉంది. మిక్సీ తిరుగుతోందా లేదా అన్నది ఎంత గుర్తుచేసుకున్నా గుర్తురావడం లేదు. గురువారాల్లో సాధారణంగా ఆ వేళకు ఇడ్లీపిండి వేస్తుంది. ఆ గురువారం వేసిందో లేదో చెప్పలేను. డెస్కులో ఉన్నప్పుడు ఇలాంటి చిన్న వివరాన్ని రాసి పెట్టుకునేదాన్ని. ఇక్కడ రాసుకోలేదు.

ఇదంతా మనసులో తిరుగుతుండగానే ఆ శనివారం డోర్‌బెల్ మోగింది.

పరిశోధకురాలు తలుపు దగ్గరే బూట్లు విప్పి, పెద్దాయనకు తమిళంలో, మదురై యాసలో నమస్కారం చెప్పింది. ఇంటావిడ ఆమెకు ఫిల్టర్ కాఫీ ఇచ్చింది. డైనింగ్ టేబుల్ మీద తెల్లగుడ్డ పరిచి పెద్దాయన రేకు తెచ్చి పెట్టాడు. ఆమె దాన్ని అంచులు పట్టుకుని రెండు వైపులా తిప్పి చూసింది. తర్వాత చాలా మర్యాదగా, “ఎప్పుడు శుభ్రం చేశారయ్యా?” అని అడిగింది.

“ఈ ఉదయం,” అన్నాడు పెద్దాయన. “మా ఇళ్ళల్లో పండగకు, విందుకు పూజసామాను చింతపండుతో తోముతారు. ఆడవాళ్ళ అలవాటు.”

వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య ఆయన వైపు చూసింది.

పరిశోధకురాలు రెండు గంటలు కూర్చుంది. తూకం వేసింది, కొలిచింది, పక్కనుంచి దీపం వేసి ఫొటోలు తీసింది. పంక్తి పంక్తీ చదివింది. పెద్దాయన నాతో కలిసి మూడేళ్ళలో చదివిన దానికీ ఆమె చదివిన దానికీ ఎక్కువ తేడా రాలేదు. పూర్వీకుడి పేరు దగ్గర మాత్రం ఆగి, అవును కావచ్చు, కాకపోనూ వచ్చు అంది. ఎల్లల దగ్గర మళ్ళీ ఆగింది. రేకులో చెప్పిన రాజు చోళుల కాలంవాడు. తూర్పు ఎల్లగా చెప్పిన పొలాన్ని మాత్రం అమరం భూమి అన్నారు. సైన్యం పోషించినందుకు నాయకుడికి ఇచ్చే ఆ పొలానికి అమరం అనే మాట తమిళశాసనాల్లో విరివిగా కనిపించేది చోళుల తర్వాత ఎన్నో ఏళ్ళకు వచ్చిన విజయనగర రాజుల కాలం నుంచి. ఆ రాజుల తరఫున తెలుగు నాయకులు దక్షిణానికి వెళ్ళిన కాలం అది.

“మా మాట దూరిందా మీ రేకులో,” అంది ఇంటావిడ. అందరం కొంచెం నవ్వాం. పెద్దాయన నవ్వలేదు.

“అంటే దొంగదా?” అని అడిగాడు.

అలా అనలేం అంది ఆమె. పాత రేకు పాడైతే తర్వాతి కాలంలో మళ్ళీ చెక్కించుకోవడం ఉండేది. చెక్కేవాడు తన కాలపు మాట ఒకటి తెలియకుండానే వేసి ఉండొచ్చు. భూమి తగాదాల కోసం ఆ రోజుల్లోనే పాత రాజు పేరుతో కొత్త రేకులు పుట్టించినవాళ్ళూ ఉన్నారు. ఇక మూడోది, ఈ మధ్యకాలంలో, పాత భాష బాగా తెలిసినవాడెవడో చేయించి ఉండొచ్చు. ఆ మూడో మాట అంటున్నప్పుడు ఆమె పెద్దాయన వైపు చూడలేదు. కరణం సంగతి ఆమెకు నేను రాయలేదు. ఆయన చెప్పాడేమో తెలియదు.

“పైన చిలుము ఉండి ఉంటే మూడోదాన్నైనా తీసేయగలిగేదాన్ని,” అంది.

తర్వాత చిన్న భూతద్దం కంటికి పెట్టుకుని, ఎడమ పక్క చిల్లు మీద టార్చి వేసింది. చాలాసేపు చూసింది. నన్ను కూడా చూడమంది. చిల్లు లోపలి అంచున, వేలు గానీ పీచు గానీ దూరని చోట, సన్నటి ఆకుపచ్చ గీత ఉంది. చింతపండు అక్కడికి చేరలేదు.

“ఇక్కడ కొంచెం మిగిలిందయ్యా,” అంది పెద్దాయనతో.

ఆయన చెయ్యి చాచి రేకును వెతుక్కున్నాడు. వేళ్ళు దాని అంచు వెంట జరిగి చిల్లు దగ్గర ఆగాయి. చూపుడువేలు చిల్లు మీద పెట్టి అలాగే ఉంచాడు. ఆమె చెబుతున్నంతసేపూ తీయలేదు. ఆవగింజ కంటే చిన్న తునక తీసుకుంటే చాలని, అది పొరలు పొరలుగా పట్టిందో, కొద్దికాలంలో పట్టిందో పరీక్షలో కొంత తెలియవచ్చని, ఖాయంగా చెప్పలేనని ఆమె అంది. యజమాని అనుమతి కావాలి కాబట్టి రెండు పేజీల ఫారం టేబుల్ మీద పెట్టి వెళ్ళింది.

ఆమెను స్టేషన్‌కు దింపడానికి మా అమ్మాయి కారులో వచ్చింది. పెద్దాయన కూడా వెంట వెళ్ళాడు. ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. కుందుల్ని పూజ అరలో పెడుతూ, పై అరకు చెయ్యి లేవక, “అక్కా, ఆ గంట కాస్త పైన పెట్టవా,” అంది ఆవిడ. నేను గంట పెట్టాను. అప్పుడు వెలిగింది నాకు. జీపీ దగ్గర తొలిసారి చూసిన నాటినుంచి ఆ కుడిచెయ్యి భుజం పైకి లేవడం నేను చూడలేదు. ఫిజియోకు వెళ్తూనే ఉంది. కుర్చీ ఎక్కి వార్డ్‌రోబ్ పైనుంచి సూట్‌కేసు దించడం ఆమె వల్ల కాదు.

“రేకును ఎవరు దించినారమ్మా?”

ఆమె సింకులో చింతపండు పిప్పి ఎత్తి ఫుడ్ బిన్‌లో వేసింది.

“పొద్దున నేను సామాను అంతా తీసి వరసగా పెట్టుకునినా. ఆయన వచ్చి గుడ్డ విప్పి, రేకు తెచ్చి వరస చివర్లో పెట్టినాడు. పాలు తెస్తానని పోయినాడు.”

“తోమమన్నాడా?”

“ఏమీ అనలా.”

“పాలు లేవా ఇంట్లో?”

“ఉన్నాయి.”

కొళాయి తిప్పి చేతులు కడుక్కుంది. నేను ఇంకొక ప్రశ్న అడగాలి, అడిగాను.

“ఆ మెయిల్ చదివినప్పుడు నువ్వు విన్నావా?”

“అక్కా,” అంది. “నలభై మూడేళ్ళుగా ఆ మనిషితో ఉండా. ఒక వస్తువు తెచ్చి నా ముందర పెట్టి ఊరికే పోయినాడంటే ఏమి చేయాలో నాకు తెలీదా? వరసలో ఉండింది. తోమినా. నన్నింక అడగొద్దు.”

ఆ మాటను ఎన్ని రకాలుగా అర్థం చేసుకోవచ్చో అన్ని రకాలుగా అర్థం చేసుకుంటూ ఇంటికి నడిచాను. ఆయన రేకును వెలుతురులో తడిమి చూసుకోవడానికి తెచ్చి, ఖాళీగా కనిపించిన చోట పెట్టి మరిచిపోయి ఉండవచ్చు. చూపు సరిగా లేని మనిషి. లేదా ఆమె ద్వారా జరిపించి, “ఆడవాళ్ళ అలవాటు” అనే మాటను ముందే సిద్ధం చేసుకుని ఉండవచ్చు. లేదా ఆమె విన్నది, అర్థం చేసుకున్నది, ఆయన తండ్రి గురించి ఏ జవాబూ రాకపోవడమే మేలని తనే అనుకుని ఉండవచ్చు. చిలుము ముఖ్యమని పైకి చదివి చెప్పింది మాత్రం నేను. అది కూడా ఈ జాబితాలో రాయాలి.

గురువారాలు ఆగలేదు. తర్వాతి వారం వెళ్ళినప్పుడు ఆయనే ఆ సంగతి ఎత్తాడు.

“స్లౌకు ఫోన్ చేసినానమ్మా. చెప్పినాను, తోమేసినారు అని.”

“ఏమన్నాడు?”

“చాలాసేపు నవ్వినాడు. మా నాయన కూడా ఇట్లే తోమి మెరిపించి తెచ్చినాడంట పంచాయతీకి. వాళ్ళ నాయన చెప్పేవాడంట.” టీ కప్పు పక్కకు జరిపి, “అది నాకు తెలీదు,” అన్నాడు. “నేను ఆ రోజు గుడి బయట ఉండినాను.”

ఫారం గురించి నేనే అడిగాను. సంతకం పెట్టే గీత కనబడదమ్మా, అన్నాడు. నేను వేలు పట్టుకుని చూపిస్తానన్నాను. ఇంగ్లీషు పూర్తిగా చదివి వినిపించాక పెడతానన్నాడు. చదివి వినిపించాను. ఇంకోసారి చదవమన్నాడు. ఆ తర్వాతి వారం టీ కప్పు పడి మొదటి పేజీ తడిసింది. ఇంకొకటి ప్రింట్ తీసి తెచ్చి ఇచ్చాను.

నెల తర్వాత ఫ్లూ ఇంజెక్షన్‌కు వాళ్ళిద్దరితో పాటు సర్జరీకి వెళ్ళాను. రిసెప్షన్‌లో ఇచ్చిన కాగితం మీద పెద్దాయన ఎడమచేత్తో అంచు తడిమి, అడుగున గీత దగ్గరికి వేలు జరిపి, ఎవరి సాయం లేకుండా సరిగ్గా గీత మీద సంతకం పెట్టాడు. పెట్టాక నా వైపు ముఖం తిప్పాడు. ఆయనకు నా చెవులు కనిపించి ఉంటాయి.

పరిశోధకురాలు రెండుసార్లు గుర్తుచేస్తూ మెయిల్ పంపింది. రెండూ పైకి చదివాను. రెండుసార్లూ సరే అన్నాడు. స్లౌ రేకును ఇంతవరకు ఆ ఇంటి బయటివాళ్ళెవరూ చూడలేదు. స్విండన్ రేకు మళ్ళీ పట్టుగుడ్డలో, వార్డ్‌రోబ్ పైన సూట్‌కేసులో ఉంది. చిల్లులో ఆకుపచ్చ గీత అలాగే ఉంది. రేకు కింద మడిచి పెట్టిన రెండో ఫారం మీద సంతకం లేదు.